దీపం గుర్తు, పడవ గుర్తు

రుస్తాఖ్,
సెప్టెంబరు 4

ప్రియమైన బావగారికి,

మీ మరదలు సారా వందనాలు.

చేతిలో ఫోనుండగా ఈ కాగితమేమిటని మీరు విసుక్కుంటారని తెలుసు. కిందటి నెల నేను తోటి నర్సు డయానాకి వాట్సాప్‌లో ఒక్క మాట రాశాను: "మా బావగారికి మైకు దొరికితే ఆమెన్ అనడం మర్చిపోతారు" అని. అది సరదాకి రాసింది. ఎవరో స్క్రీన్‌షాట్ తీశారు. మూడు గ్రూపులు తిరిగి అది మీ దగ్గరికే వచ్చింది. మీరు దాన్ని నాకే పంపి కింద "వందనాలు" అని పెట్టారు. ఆ ఒక్క ముక్క చూసి నేను రెండు రోజులు అన్నం తినలేదు. అందుకే ఇకనుంచి కాగితం. కాగితాన్ని ఫార్వర్డ్ చెయ్యాలంటే లేచి నడవాలి. మనవాళ్ళకి అంత ఓపిక లేదు.

ఉత్తరం తెచ్చినతను హసన్ భాయ్, కడప మనిషి. ఇక్కడి తోటల నుంచి సీబ్ మార్కెట్‌కి వారానికి రెండుసార్లు కూరలు తోలుతాడు. కాగితానికి కొత్తిమీర వాసన వస్తే తప్పు నాది కాదు.

అసలు సంగతికొస్తాను. నవంబరు 14న మన చర్చి సహవాసం కమిటీ ఎన్నిక. మీ తమ్ముడికి నిన్న రాత్రి ఇదంతా వివరించి చెప్పాల్సి వచ్చింది. ఆ చెప్పిందే మీకూ రాస్తున్నాను. ఈ ఎడారి దేశంలో నాలుగు భాషలవాళ్ళకీ సీబ్‌లో ఉన్నది ఒకే హాలు, పదిహేనుమంది కమిటీ. ఓట్లు మనిషికి కాదు, జాబితాకి వేస్తాం. ఏ జాబితాకి ఎంత వంతు ఓట్లొస్తే అంత వంతు సీట్లు. మొత్తం ఓట్లలో పదో వంతు గీత అందుకోని జాబితాకి సున్నా. మనకి శుక్రవారం పొద్దున్న ఆరింటికి ఇచ్చిన ఆ అరగంట చాలదు, తెలుగు ఆరాధన విడిగా మంచి టైముకి కావాలంటే కమిటీలో ఇద్దరు సభ్యులు ఒకే కాగితం మీద సంతకం పెట్టాలి.

కిందటిసారి మన తెలుగువాళ్ళందరం ఒకే జాబితా. ఎనభై నాలుగు ఓట్లు, రెండు సీట్లు. ఒక సీటు మీది, ఒకటి నాది. రెండేళ్ళు పక్కపక్కనే కూర్చున్నాం. మీరు పొద్దున తొమ్మిది గంటలకని ఒక కాగితం మీద సంతకం పెట్టారు. నేను మధ్యాహ్నం మూడింటికని ఇంకో కాగితం మీద పెట్టాను. సెక్రటరీగారు రెండూ ఫైల్లో భద్రంగా పెట్టారు. మనకి అడ్డు చెప్పినవాళ్ళు ఆ హాల్లో ఒక్కరు కూడా లేరు.

ఈసారి మూడింటికే ఒప్పుకోండి బావగారూ. సీబ్‌లో మీకు దగ్గరలోనే ఒక విల్లాలో పెంచలమ్మ అని ఒకావిడ పనిచేస్తుంది. రాజంపేట వైపు మనిషి, యాభై దాటాయి. ఆ ఇంటి పెద్దావిడది రుస్తాఖ్ కావడంతో, ఆమెని తీసుకుని మా ఆసుపత్రికి వచ్చేది. అలా పరిచయం. ఆమెకి బయటికి వదిలేది శుక్రవారం మూడింటి నుంచి ఐదింటిదాకానే. నాలుగేళ్ళుగా నలుగురిలో కూర్చుని తెలుగులో ఒక్క ప్రార్థన చెయ్యలేదట. "ఇంట్లో నోట్లోనే గొణుక్కుంటానమ్మా, గెట్టిగా అంటే పిల్లోల్లు నిద్దర లేస్తారు" అంది. జనవరిలో ఆ కుటుంబం షినాస్ వెళ్ళిపోతోంది. అక్కడ సముద్రం ఉంది, చేపలున్నాయి, మన సహవాసం లేదు. వెళ్ళేలోగా నాలుగు శుక్రవారాలైనా ఆమె గట్టిగా పాడాలి. నాకు అంతకు మించి ఏమీ వద్దు.

మీ మరదలు,
సారా

*

సీబ్,
సెప్టెంబరు 9

అమ్మాయి సారాకు,

నీ ఉత్తరం, రెండు కట్టల కొత్తిమీర అందాయి. కొత్తిమీర హసన్ సొంతంగా ఇచ్చాడట.

స్క్రీన్‌షాట్ విషయం నేను ఆ రోజే మర్చిపోయాను. ప్రింటు తీసి అల్మారాలో పెట్టుకున్నాను, అంతే.

పెంచలమ్మగారి సంగతి చదివి బాధపడ్డాను. కానీ నా సంగతీ విను. స్టోర్ కీపర్‌గా పదహారేళ్ళ నుంచి క్యాంపు మనుషులతో ఉంటున్నాను. మన సహవాసంలో నా వైపున్న ముప్పై ఎనిమిది మందీ ఆ క్యాంపువాళ్ళే. శుక్రవారం ఎనిమిదింటికి కంపెనీ బస్సు వాళ్ళని బజారుకి తెచ్చి, పన్నెండింటికి వెనక్కి తీసుకుపోతుంది. మళ్ళీ బస్సు లేదు. టాక్సీ మాట్లాడుకోమని వాళ్ళకి నేను చెప్పలేను. పైగా మధ్యాహ్నం మూడింటికి వాళ్ళు నిద్రపోతారు. ఆరు రోజులు ఎండలో నిలబడ్డవాడి శుక్రవారం నిద్రని కదిపే అధికారం నాకు లేదు. కాబట్టి తొమ్మిదింటికే.

నీకు ఒకరు, నాకు ముప్పై ఎనిమిదిమంది. లెక్క నువ్వే చూసుకో.

నువ్వు మూడింటి మీదే ఉంటే నీ జాబితా నువ్వు వేసుకో. నేను నాది వేస్తాను. దీపం గుర్తు ఇప్పటికే అడిగాను. తమ్ముడికి బీపీ మాత్రలు వేళకి వేసుకోమని చెప్పు.

బావ,
ప్రేమచంద్

*

రుస్తాఖ్,
అక్టోబరు 2

శ్రీ ప్రేమచంద్ గారికి,

మీ లెక్క చూసుకున్నాను. నా జాబితా కూడా వేశాను. నాది పడవ గుర్తు. నర్సులు, ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు కలిపి నా వైపు నలభై ఒక్క మంది.

మీకు తెలిసే ఉంటుంది, గంగాప్రసాద్ గారు మూడో జాబితా వేశారు. మనిద్దరం అడిగేది అరకొర స్వతంత్రమట. ఆయనకి విడి ఆరాధనే కాదు, విడి కమిటీ, విడి పిక్నిక్ కూడా కావాలట. ఆయన గుర్తు తెరిచిన తలుపు. ఆ తలుపులోంచి ఇప్పటిదాకా ఆయన ఇంట్లోవాళ్ళు ముగ్గురే లోపలికి వెళ్ళారు.

మీ తమ్ముడు పేపర్లో చదివిన సంగతి ఒకటి చెప్పాడు. ప్రపంచంలో కొన్నిచోట్ల మాకు వేరే దేశం కావాలని అడిగే చిన్న చిన్న పార్టీలుంటాయట. అందరిదీ ఒకే కోరిక. కానీ జెండా రంగు దగ్గరో, నాయకుడి దగ్గరో పేచీ వచ్చి ముగ్గురు మూడు జాబితాలు వేస్తారట. కలిపి చూస్తే బోలెడు ఓట్లు. విడిగా చూస్తే ఒక్కొక్కరికీ గీతకి రెండు వేళ్ళు కింద. వేరే దేశం అక్కర్లేదన్నవాళ్ళు ఏమీ చెయ్యకుండానే గెలుస్తారట. ఇంత చెప్పి ఆండ్రూ పేపరు మడిచి, "ఇంట్లో కూరేమిటి?" అని అడిగాడు.

ఓట్లు నాలుగొందల ఎనభై దాకా పోలవుతాయంటున్నారు. పదో వంతు నలభై ఎనిమిది. నాకు ఏడు తక్కువ, మీకు పది తక్కువ. ఇది మీకు తెలియదని కాదు, రాసి ఉంచుతున్నాను.

ఇట్లు,
సారా, పడవ గుర్తు

*

సీబ్,
అక్టోబరు 16

శ్రీమతి సారా గారికి,

విషయం: తమరి 2వ తేదీ ఉత్తరం.

తమరి ఉత్తరం అందినది. అందులోని అంకెలు సరిగానే ఉన్నవి. ఈ విషయమై మా వైపు నుంచి మార్పేమీ లేదని తెలియజేయడమైనది.

ఇట్లు,
ప్రేమచంద్, దీపం గుర్తు

తా.క. ఆ పెంచలమ్మగారు పనిచేసే ఇల్లు మసీదు వీధిలోదా, దాని వెనక వీధిలోదా? ఊరికే అడిగాను.

*

రుస్తాఖ్,
అక్టోబరు 30

శ్రీ ప్రేమచంద్ గారికి,

వెనక వీధి. నీలం గేటు. ఊరికే చెప్పాను.

మీ కంపెనీ రుస్తాఖ్ సైట్ నుంచి పెద్దులు అనే మనిషి చేతికి రేకు కోసుకుని నా డ్యూటీలోనే వచ్చాడు. ఆరు కుట్లు పడ్డాయి. మీ బస్సులో వచ్చే ముప్పై ఎనిమిదిమందిలో తనూ ఒకడినని చెప్పాడు. ఎన్నికల గురించి మేమేమీ మాట్లాడుకోలేదు. టీటీ ఇంజెక్షన్ కూడా వేశాను. పది రోజులు చెయ్యి తడపొద్దని మీరూ ఒకమాట చెప్పండి, ఇక్కడ అన్నిటికీ తల ఊపి వెళ్ళాడు.

ఇట్లు,
సారా

*

రుస్తాఖ్,
నవంబరు 12
(హసన్ భాయ్, ఇది శుక్రవారం ఎన్నిక అయ్యాకే సార్‌కి ఇవ్వాలి. ముందు ఇవ్వొద్దు.)

బావగారూ,

ఇది మీరు చదివేసరికి మీరు గెలిచి ఉంటారు. ఓడిపోయినందుకు నేను ఏడవడం లేదని ముందే రాసి ఉంచుతున్నాను.

పెద్దులుతో ఏమీ మాట్లాడలేదని రాశాను కదా. అబద్ధం. కుట్లు వేసేప్పుడు నొప్పి తెలియకుండా ఉండాలని ఏదో ఒకటి అడిగాను. "ఆ తొమ్మిదింటి ఆరాధన వస్తే ఏం చేస్తావు?" అన్నాను. "ఏం చేత్తానండీ, కూకుంటాను. సైట్లో నన్ను నంబరెట్టి పిలుత్తారండి. అక్కడైతే ఎవరైనా 'పెద్దులు వచ్చాడా' అని అడుగుతారు గదండీ" అన్నాడు. ఆ తర్వాత నాలుగు కుట్లు నేను సరిగా చూడకుండానే వేశాను. బాగానే పడ్డాయి.

నాకు ఒకరు, మీకు ముప్పై ఎనిమిదిమంది అని మీరు రాసినప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. ఇప్పుడు మండడం లేదు. నర్సులం డ్యూటీలు మార్చుకోగలం. మీ బస్సు టైము మార్చడం దేవుడి తరం కూడా కాదేమో.

అందుకని మా నలభై ఒక్క మందికీ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి దీపానికే వెయ్యమని చెప్పాను. మీకు ముందే చెబితే మీరు బెట్టు చేసి వద్దంటారు, అందుకే చెప్పలేదు. ఎవరికీ చెప్పొద్దని అందరి చేతా మాట తీసుకున్నాను. పెంచలమ్మకి ఓటుందని మీకు తెలుసో లేదో, సభ్యత్వం నేనే కట్టించాను, మా నలభై ఒక్క మందికి పైన ఆమె. ఆమెకి చెప్పడమే కష్టమైంది. "నీ మూడు గంటలు పోతాయమ్మా, అయినా దీపానికే గీయి" అన్నాను. దీపమేనా అని రెండుసార్లు అడిగింది. తర్వాత "సరేమ్మా" అంది. ఎవరికీ చెప్పనని ఆమె చేత ఒట్టు కూడా పెట్టించుకున్నాను. ఒట్టు పెట్టించుకోవడం మన విశ్వాసానికి తగదని తెలుసు.

ఆమెది కాక డెబ్భై తొమ్మిది ఓట్లు బావగారూ, రెండు సీట్లు. తొమ్మిదింటికే సంతకం పెట్టించండి. ఆమె కోసం వేరే ఏదైనా దారి ఉంటే చూడండి.

సారా

*

సీబ్,
నవంబరు 12
(హసన్, దీన్ని శుక్రవారం దాటాకే సారాకి ఇయ్యి.)

అమ్మా సారా,

నువ్వు గెలిచావు. శుభాకాంక్షలు.

నీలం గేటు ఊరికే అడగలేదు. ఆ వీధి చివర బఖాలా కొట్టుకి నాలుగు రోజులు సాయంత్రం వెళ్ళి, అక్కర్లేని పెరుగు డబ్బాలు కొన్నాను. ఐదో రోజు ఆమె బ్రెడ్డు కోసం వచ్చింది. "వందనాలమ్మా" అన్నాను. ఆమె చేతిలో బ్రెడ్డు కింద పెట్టేసి, రెండు చేతులూ జోడించి, కొట్టు అదిరిపోయేలా "వందనాలయ్యా!" అంది. కొట్టువాడు ఏదో గొడవనుకుని బయటికి వచ్చాడు. ఆమె సిగ్గుపడి, "గెట్టిగా అనేసినా, శానా దినాలైంది సార్" అంది.

సారా, నేను పదహారేళ్ళుగా స్టోర్ కీపర్ని. సరుకు లెక్కపెట్టడమే నా పని. ఒకటి, ముప్పై ఎనిమిది అని నీకు రాసినప్పుడు సరుకు లెక్కే రాశాను. నీ ముందు ఒప్పుకోవడం నాకు కష్టంగా ఉంది కాబట్టి కాగితం మీద ఒప్పుకుంటున్నాను.

రేపు క్యాంపుకి వెళ్ళి మనవాళ్ళతో మాట్లాడతాను. పెద్దులుతో ఇప్పటికే మాట్లాడాను. "ఒక పెద్దావిడ కోసం ఒక్క నిద్ర మానుకోలేమా అండీ, టాక్సీకి తలో చెయ్యీ వేసుకుంటాం" అన్నాడు. ముప్పై ఎనిమిది మందీ పడవకే వేస్తారు. నీకు ముందే చెబితే, జాలిపడి ఇచ్చిన ఓట్లు నాకొద్దని మూడు పేజీలు రాస్తావు. అందుకే చెప్పలేదు. పెంచలమ్మకి కూడా పడవకే గీయమన్నాను. ఆమె నా మొహం వింతగా చూసింది. ఎందుకో అర్థం కాలేదు. ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టించుకున్నాను. దేవుడు క్షమించాలి.

డెబ్భై తొమ్మిది ఓట్లు. రెండు సీట్లు. మూడింటికి సంతకం పెట్టించు. ఆమెన్.

బావ

*

రుస్తాఖ్,
నవంబరు 20

బావగారూ,

మీ ఉత్తరం ఆదివారం అందింది. నా ఉత్తరం మీకు అదే రోజు పొద్దున అందిందని హసన్ భాయ్ చెప్పాడు. గురువారం నుంచి రెండు కవర్లూ అతని డాష్‌బోర్డు మీద పక్కపక్కనే ఉన్నాయట. "మేడమ్, రెండింటి మీదా ఒకే మాట రాసి ఉండాది, శుక్రవారం దాటినాకే ఇయ్యమని. తారుమారైతాయేమోనని నాకు ఒకటే పరేషాన్" అన్నాడు. తారుమారు మాట అటుంచండి, శుక్రవారం లోపు ఒక్కటి ఇచ్చేసి ఉన్నా ఫోనైనా చేసుకునేవాళ్ళం. కానీ అతను నిజాయితీపరుడు.

ఫలితం మీరూ విన్నారు. రికార్డు కోసం రాస్తున్నాను. పోలైనవి నాలుగొందల ఎనభై. గీత నలభై ఎనిమిది. దీపానికి నలభై ఒకటి, అంతా నావాళ్ళు. పడవకి ముప్పై ఎనిమిది, అంతా మీవాళ్ళు. తలుపుకి నాలుగు, ఆ నాలుగో మనిషి ఎవరో గంగాప్రసాద్ గారికే అంతుపట్టడం లేదు. చెల్లనిది ఒకటి. తెలుగువాళ్ళకి సీట్లు సున్నా.

మన గ్రూపుల్లో ఒక్క రహస్యం కూడా పూట నిలవలేదు కదా ఇన్నేళ్ళూ. ఈ ఒక్కటి మాత్రం డెబ్భై తొమ్మిదిమంది కలిసి దాచారు.

సెక్రటరీగారు చాలా మర్యాదగా ఒక ఉత్తరం పంపారు. కమిటీలో తెలుగు సభ్యులెవరూ లేనందున, తెలుగువారికి ప్రత్యేకమైన కోరికలేవీ లేవని భావిస్తున్నారట. ఆ పొద్దున ఆరింటి అరగంట డిసెంబరు నుంచి పిల్లల కీబోర్డు క్లాసుకి ఇస్తున్నారట. మన సహకారానికి కృతజ్ఞతలు కూడా చెప్పారు.

మీరు పంపిన శుభాకాంక్షలు తిరిగి పంపిస్తున్నాను. నాకు నవ్వొస్తోంది, ఏడుపూ వస్తోంది. ఆండ్రూ రెండు ఉత్తరాలూ వరసగా చదివి, కళ్ళజోడు తుడుచుకుని, "మా అన్నయ్య ఆమెన్ రాశాడు" అన్నాడు.

పెంచలమ్మకి ఏమని చెప్పాలో నాకు తెలియడం లేదు. ఈ శుక్రవారం, వచ్చే శుక్రవారం రెండూ నాకు డ్యూటీయే. మీరు వెళ్ళి చెప్పగలరా? నాకు ధైర్యం లేదు.

సారా

*

సీబ్,
నవంబరు 29

అమ్మా సారా,

నిన్న మూడింటికి వెళ్ళాను. వారం ముందే వెళ్ళాల్సింది. ధైర్యం నాకూ లేదు.

కంపెనీ పికప్ నీలం గేటుకి కొంచెం అవతల, వేపచెట్టు నీడలో పెట్టాను. ఆమె వచ్చి ముందు సీట్లో కూర్చుంది. ఏసీ వేసి, అద్దాలు ఎక్కించి, ఫలితం చెప్పాను. ఇద్దరం ఓడిపోయామమ్మా, హాలు లేదు, మూడు గంటలూ లేదు, తొమ్మిదీ లేదు అన్నాను. నువ్వు దీపానికి వేయించిన సంగతి, నేను పడవకి వేయించిన సంగతి అన్నీ చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు.

"నాకు ఎరుకే గదా సార్" అంది.

ఎలా ఎరుకమ్మా అన్నాను.

"సారామ్మ దీపానికి గీయమనె. మీరు పడవకి గీయమంటిరి. ఆయమ్మ మీకోసరం, మీరు ఆయమ్మకోసరం చెప్తాండారని ఆ పొద్దే తెలిసిపాయె."

మరి మాలో ఒక్కరికైనా చెప్పకూడదా పెంచలమ్మా అని దాదాపు అరిచాను.

"ఎట్ల చెప్తాను సార్? ఇద్దురూ ఒట్టేయించుకుంటిరి గదా!"

సారా, నేను స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాను. హారన్ మోగింది. ఆమె కంగారు పడి నా భుజం తట్టి, తప్పు తనదేమో అన్నట్టు మెల్లగా చెప్పింది. "ఎన్నిక దినం మూడింటికి బోయినా. ఆ కాయితం పట్టుకోని శానాసేపు నిలబడినా. ఇద్దురూ నాకోసరమే నిలబడినారు. ఒగరికి గీసి ఒగర్ని యిడిసిపెట్టేదానికి నాకు మనసు రాలా. రెండింటికీ గీసినా సార్. తప్పా?"

తప్పు కాదమ్మా అన్నాను. 

తర్వాత ఆమె పాట ఎత్తుకుంది. అద్దాలు ఎక్కించి ఉన్నాయి కాబట్టి గట్టిగానే పాడింది. నాలుగేళ్ళ పాట సారా, డాష్‌బోర్డు మీద కాగితాలు కదిలాయి. పాట అయ్యాక నేను ప్రార్థన మొదలుపెట్టాను. కుటుంబాల కోసం, క్యాంపు కోసం, షినాస్ కోసం, సెక్రటరీగారి కోసం కూడా చేశాను. ఆమె నడిమధ్యలో "ఆమెన్" అనేసింది. "నాలుగున్నరైంది సార్, ఐదింటికి బోవాల" అంది. ఆ ప్రింటు తీసి పెట్టుకున్న స్క్రీన్‌షాట్ ఇంటికి రాగానే చించేశాను.

ఆమె షినాస్ వెళ్ళేలోగా ఇంకా ఐదు శుక్రవారాలున్నాయి. వచ్చే వారం పెద్దులు కూడా వస్తానన్నాడు. బండిలో నలుగురికి చోటుంది. నీకు డ్యూటీ లేకపోతే నువ్వు వెనక సీట్లో కూర్చో.

మన తెలుగువాళ్ళలో ఇద్దరినీ కలిపి ఓటు వేసిన మనిషి ఆమె ఒక్కతే సారా. చెల్లదని పక్కన పెట్టారు.

హసన్‌తో ఈసారి కొత్తిమీర వద్దని చెప్పు, ఇంట్లో పెరుగు డబ్బాలే ఇంకా తొమ్మిదున్నాయి.

బావ